ఇంట్ల పెట్టుకుంటే జైలు



శ్రీరామనవమి నాడు వేములవాడలో శివసత్తులు, హిజ్రాలు రాజన్నను పెండ్లాడితే చేతులు జోడించినోళ్లమే మనం. అదే మన ఇంట్ల కొడుకు చీర కట్టుకుంటే మాత్రం ఊరు విడిచి పొమ్మంటం. అట్ల పోయిన పిల్లలకు అన్నం పెట్టింది ఎవరు? హిజ్రాల ఇండ్లే. గురువు తల్లి లెక్క, చేలా బిడ్డ లెక్క.

ఆ తల్లుల మీద నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లన్నీ రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆడవేషంలో వీధిలో కనబడితే వారంట్ లేకుండా అరెస్టు. 16 ఏండ్ల లోపు మగపిల్లవాణ్ణి ఇంట్ల ఉంచుకున్నా రెండేండ్ల దాకా జైలు! పిల్లలను ఎత్తుకపోతరని అనుమానం. ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిన తండ్రికి మాత్రం అందులో ఏ శిక్షా లేదు. బ్రిటిషోళ్ల 1871 చట్టంలోనూ ఇదే పద్ధతి.

నిజాం పోయిండు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టాన్ని హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో.

2019 కేంద్ర చట్టం ట్రాన్స్‌జెండర్ అని బిడ్డను తల్లిదండ్రుల నుంచి విడదీయొద్దంటది. మంచిదే. కానీ అందులో కుటుంబమంటే రక్తం, పెండ్లి, చట్టప్రకారం దత్తత, అంతే. కన్నోళ్లు చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపాలె. గురువు ఇల్లు లెక్కలోనే లేదు.

మా క్యాంపుల ఒకాయన బిడ్డ అట్లనే పోయింది. పుట్టినప్పుడు కొడుకని పేరు పెట్టిన్రు. మొన్న గురువమ్మ ఫోన్ చేసి, "పిల్లకు జ్వరం, నాయినతో మాట్లాడుతదట" అన్నది. ఆయన ఫోన్ మా చేతిల పెట్టి బయటికి పోయిండు. మేమే మాట్లాడినం.