చేపకొచ్చిన జబ్బు మనకొస్తుందా?

భీమునిపట్నం బజారులో సముద్రపు చేపా, చెరువు చేపా రెండూ దొరుకుతాయి. చేప ఒంటిమీద చిన్న పుండు కనబడితే చాలు, మన చెయ్యి వెనక్కి పోతుంది. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది.

1988లో ఈశాన్య రాష్ట్రాల చెరువుల్లో చేపలకు ఎర్రటి పుండ్లు పడ్డాయి. కొన్నేళ్లలో ఆ జబ్బు మన ఆంధ్ర చెరువుల్లోకీ వచ్చింది. కొరమీను దానికి తేలికగా లొంగిపోతుంది. తింటే మనకూ అంటుకుంటుందేమోనని, జబ్బు సోకిన చోట్ల జనం చేపలు కొనడమే మానేశారు. ధరలు పడిపోయి జాలరి ఇళ్లలో పొయ్యి వెలగడమే కష్టమైంది. తీరా తేలిందేమిటి? అది నీటిలో పెరిగే బూజులాంటి జీవి వల్ల వచ్చే జబ్బు, మనిషికి అంటదు. అలాగని పుండుపడ్డ చేపను వండమని కాదు. ఆ పుండులో వేరే క్రిములు చేరతాయి. దాన్ని వదిలేసి మంచి చేపను కొనుక్కోవచ్చు.

అసలు జాగ్రత్త మరోచోట ఉండాలి. కానాగంతలు, టూనా వంటి సముద్రపు చేపలు ఐసు లేకుండా ఎండలో ఉండిపోతే వాటి మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. పైకి మచ్చ ఉండదు, ఒక్కోసారి వాసనా రాదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. పులుసు పెట్టినా, వేపినా అది పోదు.

కనుక మొప్పలు ఎర్రగా ఉన్నాయా అని చూడడంతో ఆగకండి. “ఐసులో పెట్టావా అమ్మా?” అని అడగండి. ఇంటికి తెచ్చాక కబుర్లలో పడకుండా వెంటనే వండండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి.