ఒక్క మనిషి, నాలుగు చీట్లు

హిందూపురం నుంచో, మదనపల్లె నుంచో, కుప్పం నుంచో తెల్లవారుజామునే బయలుదేరి బెంగళూరు ఆసుపత్రులకు వెళ్ళే మనవాళ్ళను మీరు చూసే ఉంటారు. చేతిలో ఒక గుడ్డసంచి. అందులో ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు, షుగరుకు ఒక చీటీ, గుండెకు ఒకటి, మూత్రపిండాలకు ఇంకొకటి. ఇన్ని చీట్లు ఒక్క మనిషికి ఎలా వచ్చిపడ్డాయో ఈ రోజు చెప్పుకుందాం.

బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రికి 1897లో, రాజప్రతినిధిగా ఉన్న మైసూరు మహారాణి శంకుస్థాపన చేశారు. 1900లో లార్డ్ కర్జన్ దాన్ని ప్రారంభించారు. ఈ రెండింటి నడుమ 1898లో ప్లేగు ఊరి మీద పడింది. ఆ కాలపు జబ్బుల తీరు వేరు. వచ్చేవి, కొద్దిరోజుల్లోనే మనిషిని తీసుకుపోయేవి, లేదా వదిలిపెట్టేవి. షుగరు అప్పుడూ ఉంది. కాని 1921లో కెనడాలో ఇన్సులిన్ కనుక్కునేదాకా, ఆ జబ్బు సోకిన పసిపిల్లలు ఏడాది, రెండేళ్ళకు మించి బతకడం అరుదు. రెండో జబ్బు రావాలంటే మొదటిదాన్ని తట్టుకుని మనిషి నిలవాలి కదా! మందులు వచ్చాక మనిషి నిలిచాడు, జబ్బూ నిలిచింది. ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం పెట్టారు.

ఇక బెంగళూరు నగరం ఏం చేసిందంటే, ఒక్కో అవయవానికి ఒక్కో ఆసుపత్రి కట్టుకుంటూ పోయింది. 1913లో కళ్ళకు మింటో. 1935లో స్త్రీలకు, పిల్లలకు వాణీవిలాస్. 1973లో క్యాన్సరుకు కిద్వాయ్. ఆ మరుసటి ఏడే మానసిక, నరాల జబ్బులకు నిమ్హాన్స్. గుండెకు జయదేవ, మూత్రపిండాలకు విక్టోరియా ఆవరణలోనే వేరే సంస్థ. వీటివల్ల బతికి బట్టకట్టిన వాళ్ళు మన సరిహద్దు పల్లెల్లో ఊరికి పదిమందైనా కనిపిస్తారు. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు.

అయితే షుగరు, బీపీ, గుండె, మూత్రపిండాలు ఒక్క ఒంట్లోనే జట్టు కట్టినప్పుడు చిక్కు మొదలవుతుంది. మూత్రపిండంలో రాయి ఉన్న మనిషిని నీళ్ళు బాగా తాగమంటారు. గుండె బలహీనపడి కాళ్ళకు నీరు చేరిన మనిషిని నీళ్ళు తగ్గించమంటారు. రెండూ ఉన్న మనిషి చెంబు పట్టుకుని ఏం చెయ్యాలి? మోకాలినొప్పికి వాడే మాత్రలు కొన్ని బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఉబ్బసానికి మింగే స్టెరాయిడ్ మాత్రలు షుగరును పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ కొన్ని షుగరు మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. ఏ డాక్టరుకు ఆ డాక్టరు తన విద్యలో తప్పు చెయ్యలేదు. నాలుగు చీట్లనూ పక్కపక్కన పెట్టి చూసేవారే కరువయ్యారు.

దీనికి ఒక దారి ఆ బెంగళూరులోనే దొరికింది, అదీ క్షయ విషయంలో. క్షయ అంటే ఒకప్పుడు వేరే ఆసుపత్రి, ఊరికి దూరంగా శానటోరియం. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలాంటిదే. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. దాని పరిశోధకులు తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ రోగులను వెతికి విచారిస్తే తేలిన సంగతి ఇది: వారిలో సగం మంది దాకా అప్పటికే దగ్గుతో డాక్టర్ల దగ్గరికి వెళ్ళినవారే. అక్కడ వారికి దొరికింది ఎక్కువగా దగ్గుమందు సీసా. రోగి వచ్చాడు, జబ్బును గుర్తించినవారు లేరు! అందుకే 1962 నుంచి క్షయ వైద్యాన్ని మామూలు ఆసుపత్రులలోనే కలిపే జిల్లా పథకం మొదలైంది.

ఆ ఆలోచన మిగతా దీర్ఘవ్యాధుల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 2010లో క్యాన్సరు, షుగరు, గుండెజబ్బు, పక్షవాతాలకు కలిపి ఒకే జాతీయ కార్యక్రమం పెట్టారు. 2017లో క్షయ ఉన్నవారికి షుగరు, షుగరు ఉన్నవారికి క్షయ చూడాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద బాగుంది. ఆచరణ మాత్రం ఊరిని బట్టి, ఆ రోజు డ్యూటీలో ఉన్నవారి ఓపికను బట్టి ఉంటుంది.

కనుక ఈసారి బెంగళూరు బండి ఎక్కేముందు ఒక పని చెయ్యండి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే, మీరు మింగే ప్రతి మాత్ర పేరు, ఎంత మోతాదు, ఏ పూట అన్నది ఒకే కాగితం మీద రాయించండి. అది ఒక జనరల్ డాక్టరుకు చూపించి, ఇవన్నీ కలిపి వాడవచ్చునా అని అడగండి. ఏదీ మీ అంతట మీరు మానవద్దు. మోకాలినొప్పికి మందుల అంగట్లో అడిగి కొనుక్కున్న మాత్రను కూడా అందులో రాయించండి. డాక్టరుకు చెప్పడం మరచిపోయేది అదే.