బంగారు గనుల పట్టణము – నాడు, నేడు

కోలారు మండలము కన్నడ దేశమున నున్నను తెలుగువారికి పరాయి సీమ కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలోని పల్లెలలో నేటికిని తెలుగు ఇంటి భాషయే. 2007 వరకు ఈ మండలములో చేరియుండిన కైవారమున నారాయణ యోగి తెలుగునను కన్నడమునను కీర్తనలు పాడెను. ఇట్టి సీమ నడుమ ఒక పట్టణము పుట్టి, పెరిగి, వాడిపోయిన చరిత్రను పాఠకుల ముందుంచుటయే మా యుద్దేశము.

1802లో సర్వే పనిమీద వచ్చిన వారెన్ అను ఆంగ్ల సైనికోద్యోగి, ఇచ్చటి గ్రామస్థులు మన్ను కడిగి బంగారు రేణువులు తీయుట కన్నులార చూచెను. 1875లో లవెల్ అను ఐరిష్ సైనికుడు మైసూరు ప్రభుత్వమునుండి త్రవ్వకపు హక్కును పొందెను. 1880లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించిన పిమ్మట ఉరిగాం, మారికుప్పం, ఛాంపియన్ రీఫ్, నందిదుర్గము గనుల చుట్టును ఊళ్లు వెలసినవి. 1902లో శివసముద్రమునుండి 92 మైళ్ల దూరము తీగలు లాగి ఈ గనులకు విద్యుచ్ఛక్తి తెచ్చిరి. బెంగుళూరు వీథులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. అనగా నేటి మహానగరమునకంటె మూడేండ్లు ముందుగానే ఈ గనుల పట్టణము ఆ వెలుగును చూచినది.

అయితే ఆ వెలుగు అందరికిని సమముగా అందలేదు. దొరల బంగళాలు, క్లబ్బు, పూలతోటలు చూచినవారు ఈ ఊరిని 'చిన్న ఇంగ్లండు' అనిరి. అదే ఊరిలో కూలీలు తడికెల గుడిసెలలో, ఒకే గది గల వరుస ఇండ్లలో కాపురముండిరి. ఆ వరుసలకు 'లైన్లు' అని పేరు. వారిలో పెక్కురు ఉత్తర ఆర్కాటు జిల్లానుండి వచ్చిన నిరుపేద దళితులు. నేటి చిత్తూరు ప్రాంతము 1911 వరకు ఆ జిల్లాలోనిదే. అఱవము, తెలుగు, కన్నడము ఆ లైన్లలో ఒకే కుళాయివద్ద కలిసినవి. 1930లో వ్రేలిముద్రల నమోదును ధిక్కరించి కూలీలందరు ఒక్కటై సమ్మె చేసిరి. తమను దొంగలవలె లెక్కించుటను వారు సహింపలేదు.

ఛాంపియన్ రీఫ్ గని 3,200 మీటర్ల లోతునకు దిగినది. అంత లోతున వేడి దుస్సహము. రాతి ఒత్తిడివలన గోడలు ఒక్కుమ్మడిగ పగిలి ప్రాణములు తీసినవి. నూటయిరువది యేండ్లలో 800 టన్నులకు మించిన బంగారము ఆ చీకటినుండియే పైకి వచ్చినది. 1965లో శాస్త్రజ్ఞులు అదే లోతులలో వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడ కనుగొనిరి.

గనులను 1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్ర ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ యేర్పడెను. లోతు పెరిగినకొలది ఖర్చు పెరిగి, రాతిలో బంగారపు పాలు తగ్గి, తుదకు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. సైనైడు దిబ్బలు మాత్రము మిగిలినవి. గాలి వీచినపుడు ఆ ధూళి ఇండ్లమీద పడుచున్నది.

ఈ నడుమ బెంగుళూరు జనసంఖ్య 2011 నాటికి 84 లక్షలు దాటినది. తెల్లవారక మునుపే మారికుప్పము, బంగారుపేటల రైళ్లెక్కి వేలాదిమంది ఆ నగరమునకు పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరుచున్నారు. తాతలు భూమిలోనికి దిగిరి, మనుమలు రైలెక్కుచున్నారు. 2018నుండి అదే నగరపు మురుగునీరు శుద్ధియై కోలారు చెరువులను నింపుచున్నది. ఎండిన చెరువులు నిండెనని సంతసించు రైతులు కలరు. ఆ శుద్ధి చాలదని న్యాయస్థానమున కెక్కినవారును కలరు. మహానగరము పల్లెల చేతులను తీసికొని, తాను వాడిన నీటిని తిరిగి యిచ్చుచున్నది. ఈ బేరములో ఎవరికెంత దక్కుచున్నదో విచారింపవలసియున్నది.

పాత ఊరిని తలచుకొనునపుడు బంగళాల అందమును మాత్రమే తలచుట సులభము. బెంగుళూరు పాతకాలపు తోటలనుగూర్చి నిట్టూర్చువారును ఇట్లే చేయుదురు. కాని తడికెల గుడిసెను మరచిన జ్ఞాపకము సగము జ్ఞాపకమే. అటులే, నాటి కష్టమును మాత్రమే చెప్పి, ఆ లైన్లలో పండుగలకు కలిసి వండుకొన్న చుట్టరికమును మరచుటయు న్యాయము కాదు.

గనులలో దిగిన తరము నానాటికి తరిగిపోవుచున్నది. వారి నోటనున్న పనిమాటలు, లైన్ల పేర్లు, సమ్మె కథలు తెలుగులో వ్రాసి దాచినవారు అరుదు. ప్రతి కుటుంబమును తమ యింటి పెద్దల మాటలను నేడే వ్రాసికొనవలెనని మా విన్నపము. తీసిన బంగారము దేశదేశములకు పోయినది. తీసినవారి కథయైనను మన భాషలో మనవద్ద మిగులవలెను.