పంది పక్కటెముకలు, ఆరు గంటల పొగ

పోర్క్ రిబ్స్ ఇంట్లో పొగబెట్టి వండడానికి ఎంతసేపు పడుతుంది? గంటల్లో చెప్పమంటే ఆరు. ఏళ్ళలో చెప్పమంటే, ఆక్లాండ్ వరకూ, రెండొందల యాభై దాటాయి. వంట సంగతి చివర్లో చెప్తాను. ముందు అసలు పంది ఇక్కడికి ఎలా వచ్చిందో చూద్దాం.

న్యూజీలాండ్‌కి పంది సొంత జంతువు కాదు. పసిఫిక్ దీవుల్లో చాలాచోట్ల పందులున్నా, మావోరీల పూర్వీకులతో వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నవి కుక్క, ఎలుక మాత్రమే. కెప్టెన్ కుక్ 1773లో, తన రెండో యాత్రలో, దక్షిణ దీవి ఉత్తరపు కొసన పందుల్ని వదిలాడు. అడవి పందిని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ‘కెప్టెన్ కుకర్’ అంటారు (మన ప్రెషర్ కుక్కర్‌తో చుట్టరికం లేదు లెండి). మావోరీలు దాన్ని పోఆకా అన్నారు, పెంచారు, కొన్ని దశాబ్దాల్లోనే వ్యాపార సరుకు చేసేశారు. 1820ల్లో ఓడలవాళ్ళకి పందులూ బంగాళాదుంపలూ ఇచ్చి తుపాకులూ ఇనప సామానూ తీసుకునేవారు. ఒకరకంగా పందే వాళ్ళ నాణెం. నవ్వకండి, మన విజయనగరం రాజుల బంగారు నాణెం పేరు వరహా! 1520 ప్రాంతంలో ఆ నగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి వీధుల్లో అమ్మే పంది మాంసం ఎంత తెల్లగా, శుభ్రంగా ఉందో మెచ్చుకుంటూ రాశాడు. పంది మనకి తిట్టుగా మిగిలింది గానీ, ఒకప్పుడు అంత తీసిపారేసే జంతువేం కాదు.

ఇక ఆక్లాండ్. 1840లో హాబ్సన్ దొర రాజధానికి ఈ చోటు ఎంచుకున్నాడు. ఆ అక్టోబరులో న్గాటి ఫాటుఆ తెగ సుమారు 3,000 ఎకరాలు ఇచ్చింది. దానికి ముట్టింది 50 పౌన్ల డబ్బు, 50 దుప్పట్లు, 20 ప్యాంట్లు, 20 చొక్కాలు, 10 ఇనప కుండలు, ఒక బస్తా పంచదార, ఒక బస్తా పిండి, ఇంకా ఇలాంటివే కొన్ని. ఇవాళ్టి సిటీ సెంటర్ ఆ నేలలోదే.

ఆ కొత్త ఊరి కడుపు నింపింది కూడా చాలావరకు మావోరీలే. పడవల్లో పందులు, దుంపలు, చేపలు, తర్వాత గోధుమలు తెచ్చి అమ్మేవారు. క్వీన్ స్ట్రీట్ కింది కొస అప్పట్లో సముద్రం. ఇప్పుడు మనం ఫోర్ట్ స్ట్రీట్ అనే దాని పాత పేరు ఫోర్ స్ట్రీట్, అంటే ఒడ్డు వీధి. ఆ తర్వాత కనిపించే భవనాలన్నీ సముద్రాన్ని పూడ్చి కట్టినవి. అంటే ఇవాళ మనం కాఫీ తాగుతూ నడిచే చోటికి కాస్త అటూ ఇటూగా పందుల పడవలు ఆగేవన్నమాట.

దక్షిణాన వైకాటో మావోరీలు సొంత పిండిమరలు కూడా పెట్టి ఆక్లాండ్‌కి అమ్ముకుంటూ బాగుపడ్డారు. 1863 జులైలో అదే ఆక్లాండ్ నుంచి ప్రభుత్వ సైన్యం వాళ్ళ మీదకే వెళ్ళింది. యుద్ధం తర్వాత సుమారు 12 లక్షల ఎకరాలు జప్తు చేశారు. దానికి క్షమాపణ చెప్పే చట్టం వచ్చింది 1995లో. అన్నం పెట్టినవాడి పొలం లాక్కోవడం అంటే ఇదే.

సరే, వంట. మావోరీల హాంగీలో కాల్చిన రాళ్ళ మీద మాంసం బుట్టలు పెట్టి, తడిగుడ్డలూ మట్టీ కప్పి మూడు నాలుగు గంటలు వదిలేస్తారు. అది ఆవిరి వంట. పొగబెట్టిన రిబ్స్ అమెరికావాళ్ళ పద్ధతి. రెండింటికీ సూత్రం ఒకటే: గట్టి మాంసానికి తక్కువ వేడి, ఎక్కువ సేపు. అందులోని కొల్లాజెన్ నెమ్మదిగా కరిగి జిగురవుతేనే ముక్క మెత్తబడుతుంది.

ఎముకల వెనక ఉన్న పల్చటి పొర పీకేయండి. ఉప్పు, మిరియాలు, కాస్త కారం పట్టించండి. మూత ఉన్న బార్బెక్యూలో బొగ్గులు ఒకపక్క, మాంసం రెండోపక్క ఉండాలి. వేడి 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలపండి. బొగ్గుల మీద ఇక్కడ దొరికే మనూకా చెక్కముక్కలు నాలుగు వెయ్యండి. పొగ పల్చగా, నీలంగా రావాలి. తెల్లగా దట్టంగా వస్తే ముక్క చేదెక్కుతుంది. మూడు గంటలు పొగ, రెండు గంటలు ఫాయిల్‌లో చుట్టి, చివరి గంట ఫాయిల్ తీసి సాస్ పూసి. చిన్న బ్యాక్ రిబ్స్ అయితే రెండు, రెండు, ఒకటి చాలు. ఒక చివర పటకారుతో పట్టి ఎత్తినప్పుడు మధ్యలో వంగి పైన పగుళ్ళిస్తే అయినట్టే. థర్మామీటర్ ఉంటే లోపల 90-95 డిగ్రీలు చూపించాలి.

సిటీ సెంటర్ అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో బొగ్గు రాజేయనిచ్చే భవనాలు తక్కువ. ఇంటి లోపల అయితే ప్రాణానికే ప్రమాదం. కాబట్టి పెరడున్న స్నేహితుణ్ణి పట్టుకోండి. ఆరు గంటలూ మాటిమాటికీ మూత తీయకుండా కూర్చోవడమే కష్టం. ఆ ఖాళీలో పక్కనున్న పిల్లలకి ఫోర్ట్ స్ట్రీట్ అసలు పేరేమిటో, అక్కడికి పడవల్లో పందుల్ని తెచ్చిందెవరో, వాళ్ళ భూములు ఏమయ్యాయో చెప్పండి. ముక్క మెత్తబడేలోపు కథ పూర్తవుతుంది.