వేసవి విడిదే హోటలైంది

ఇంటికి వచ్చినవాడి దగ్గర డబ్బు పుచ్చుకోవడం మన పెద్దలకు నామోషీ. అన్నం అమ్ముకోకూడదు అనేవారు. ఉన్నవాళ్లు సత్రం కట్టించి, దానికి భూములు రాసి, దారినపోయే వాళ్లకు ఉచితంగా పెట్టించారు. ఆ కట్టుబాటు మధ్యే ఎవరో ఒకరు మొదటిసారి తమ వంటింటికి వెల కట్టారు. పూటకూళ్లు అలా పుట్టాయి. పూటకు ఇంతని ఇస్తే కూడు పెట్టే ఇల్లు. నా దృష్టిలో అది చిన్న ఆవిష్కరణ కాదు.

ఆ ఇల్లు ఎలా ఉండేదో వినుకొండ వల్లభరాయని పేరున ఉన్న ‘క్రీడాభిరామం’ చూపిస్తుంది. మంచన శర్మ, టిట్టిభ సెట్టి ఓరుగల్లు వీధులు తిరుగుతారు. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే భోజనం అందులో వరసగా ఉంటుంది: ఘుమఘుమలాడే అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. ధర ఉంది, కానీ వడ్డన మాత్రం ఇంటి వడ్డనే! తర్వాత గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ వచ్చింది. గిరీశం ఆమెకు చేసిన మోసానికి మనం నవ్వుకుంటాం. నాకు మాత్రం నలుగురికీ వండిపెట్టి తన కాళ్ల మీద తాను బతికిన ఆడమనిషి కనిపిస్తుంది.

ఇదే పని సముద్రానికి అవతల, పెద్ద ఎత్తున జరిగింది. ఇటలీలో నేపుల్స్‌కు దక్షిణంగా, కొండవాలుకు మెట్లుమెట్లుగా అతుక్కున్న ఊరు పొజిటానో. అక్కడ సెర్సాలె అనే నేపుల్స్ జమీందారీ కుటుంబానికి వేసవి విడిది ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఆరేళ్లకు, 1951లో, నలుగురు తోబుట్టువులు ఆ ఇంటిని హోటల్‌గా తెరిచారు. ఎదురుగా సముద్రంలో కనిపించే దీవుల పాత పేరే, ‘లె సిరెనూజె’ అని, దానికి పెట్టారు. వాళ్లలో పాలో ఆ ఊరికి మేయర్‌గా ఉండేవాడు. ఫ్రాంకో ఏరి తెచ్చిన పాత వస్తువులు గదుల్లోకి చేరాయి. 1953లో అమెరికన్ రచయిత జాన్ స్టెయిన్‌బెక్ అక్కడ దిగి, ఆ ఊరి గురించి ‘హార్పర్స్ బజార్’ పత్రికలో రాశాడు. అప్పటినుంచి పొజిటానో పేరు లోకమంతా పాకింది. గదులు పెరిగి యాభై దాటాయి, అద్దె సామాన్యుడికి అందనంత ఎత్తుకు పోయింది. అయినా యాజమాన్యం ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది. ఫ్రాంకో కొడుకు ఆంటోనియో తండ్రి బాటలోనే దాన్ని నడిపాడు. నన్ను కట్టిపడేసింది అదే. వాళ్లు అమ్మింది మేడను కాదు, తాము ఎండాకాలం గడిపిన తీరును.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. ఆంధ్రా ప్యారిస్ అని పేరుపడ్డ తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగితే, అక్కడికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక. పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఉంది, సరుగుడు తోటలున్నాయి, మెల్లగా లోతయ్యే ఒడ్డుంది. తెనాలి నుంచే ఇంకో లైను రేపల్లెకు పోతుంది, అటు వెళ్తే నిజాంపట్నం హార్బరు. చేపకూ పీతకూ కొదవ లేదు. వండే చేతులకు అంతకన్నా లేదు.

లేనిది ఆ ఇల్లే. సూర్యలంకలో రాత్రి గది దొరుకుతుంది. కానీ తెల్లారి లేచేసరికి పెరట్లో పొయ్యి రాజేసి, ‘ఏం తింటారండీ, ఇవాళ చందువాలొచ్చాయి’ అని అడిగే ఇల్లాలు ఉన్న గది కావాలి. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయి ఖాళీగా ఉన్న పెద్ద లోగిళ్లు బాపట్ల చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. వాటి అరుగులు ఊడ్చి, బావి దగ్గర నీళ్లు తోడి, ఒక గదికి కొత్త దుప్పటి పరిచి, పూటకు ఇంతని చెప్పడానికి ఎవరో ఒకరు ముందుకొస్తే చాలు. లక్ష్మణవజ్ఝల ఇంట జరిగిందదే, పొజిటానోలో జరిగిందీ అదే.