బెనెగల్ గారి క్లయింట్లు

మన ఫీల్డులో ఎవర్నైనా కదిపి చూడండి. "సొంత ప్రాడక్టు మీద పనిచేస్తే ఆ తృప్తే వేరండీ. మనదేముంది, క్లయింటు అడిగింది చేసి పంపించడమే కదా" అంటారు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ అంటారు, మొన్న చేరిన ఫ్రెషర్లూ అంటారు. ఒకరి డబ్బుతో, ఒకరి అవసరం కోసం చేసే పనిలో మనదంటూ ఏమీ ఉండదని అందరం ఎప్పుడో ఒప్పేసుకున్నాం.

ఈ మాట ఎవరన్నా నాకు శ్యాం బెనెగల్ గుర్తొస్తారు. ఆర్ట్ సినిమాలు తీసినాయన, ఫాల్కే అవార్డు వచ్చినాయన, ఆయనకీ మనకీ పోలికేంటి అనుకోకండి. ఆయన జీవితంలో తీసినవాటిలో సగానికి పైగా ఎవరో ఒకరు పురమాయించి చేయించుకున్నవే. ఆ జాబితాలో యాడ్ కంపెనీలున్నాయి, ఉక్కు కంపెనీ ఉంది, పాల సంఘం, చేనేత సంఘాలు, రైల్వే, దూరదర్శన్, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఉన్నాయి. చిట్టచివర బంగ్లాదేశ్ ప్రభుత్వం కూడా ఉంది. ఇంతమంది క్లయింట్లున్న సినిమా డైరెక్టరు మన దేశంలో ఇంకొకరు ఉన్నారా అంటే నాకైతే తోచట్లేదు.

ముందు కాస్త చరిత్ర. బెనెగల్ మనూరివాడే. 1934 డిసెంబరు 14న సికింద్రాబాద్ పక్కన తిరుమలగిరిలో పుట్టారు. ఇంట్లో మాట కొంకణి, వీధిలో తెలుగూ ఉర్దూ. తండ్రి ఫోటోగ్రాఫరు. పన్నెండేళ్ల వయసులో ఆయన కెమెరాతోనే మొదటి సినిమా తీసేశాడీ కుర్రాడు. నిజాం కాలేజీలో ఎకనామిక్స్ ఎం.ఏ. చదివాడు, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. ఆ తర్వాత బొంబాయి వెళ్లి 1959లో లింటాస్ అనే యాడ్ ఏజెన్సీలో కాపీ రైటరుగా చేరాడు. అంటే మొదలుపెట్టింది రాయడంతో. బంధుత్వంలో గురుదత్ అన్నయ్య వరస. కానీ ఆ దారిన సినిమాల్లోకి దూరిపోలేదు.

అక్కడి నుంచి 1973 దాకా యాడ్లూ డాక్యుమెంటరీలూ కలిపి 900 పైచిలుకు తీశారు. మరోసారి చదవండి, తొమ్మిది వందలు. పద్నాలుగేళ్లకి లెక్కేస్తే ఆరు రోజులకొకటి. మన భాషలో చెప్పాలంటే వారం వారం డెలివరీ. ఈ మధ్యలోనే పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు. హోమీ భాభా ఫెలోషిప్ మీద అమెరికా వెళ్లి, పిల్లల టీవీ కార్యక్రమాలు ఎలా తయారవుతాయో చూసొచ్చారు. అప్పటికి మన హైదరాబాదులో టీవీయే లేదు.

ఇన్నేళ్లూ ఆయన దగ్గర ఒక కథ ఉండిపోయింది. చదువుకునే రోజుల్లో రాసుకున్నది, తను చూసిన ఊళ్లోంచి పుట్టింది. దొర కొడుకు పట్నం నుంచి పల్లెకొస్తాడు, పనిమనిషి లక్ష్మితో సంబంధం పెట్టుకుంటాడు, ఆమె మూగ భర్త కిష్టయ్యని చావగొడతాడు. పుష్కరం పాటు ఈ కథకి డబ్బు పెట్టేవాడు దొరకలేదు. చివరికి పెట్టిందెవరో తెలుసా? బ్లేజ్ అనే కంపెనీ. సినిమా హాళ్లలో యాడ్లు వేయించడం వాళ్ల వ్యాపారం. బెనెగల్ ఎంత ఖర్చులో, ఎన్నిరోజుల్లో పని తెముల్చుతాడో వాళ్లకి ఏళ్ల తరబడి తెలుసు. అలా 1974లో 'అంకుర్' వచ్చింది. షూటింగ్ హైదరాబాద్ దగ్గరి ఎల్లారెడ్డిగూడలో. మాటలు మన దక్కనీ ఉర్దూలో. షబానా ఆజ్మీకి జాతీయ అవార్డు, కిష్టయ్య వేషం వేసిన సాధూ మెహర్‌కి జాతీయ అవార్డు.

నేను చెప్పొచ్చేదేంటంటే, ఆ తొమ్మిది వందలూ వృథా పోలేదు. 'అంకుర్'కి డబ్బు తెచ్చిన పరపతి వాటిదే, దాన్ని చకచకా తీయగలిగిన చెయ్యి కూడా వాటిదే. "సర్వీసు పనిలో పడితే చెయ్యి మొద్దుబారిపోతుంది" అనేవాళ్లకి ఇది మొదటి జవాబు.

రెండో జవాబు 'మంథన్'. ఇక్కడ క్లయింటు చాలా పెద్దది, గుజరాత్ పాల సహకార సంఘాల సమాఖ్య. వర్గీస్ కురియన్ తమ ఉద్యమం మీద సినిమా కావాలనుకున్నారు. కథలో బెనెగల్‌తో పాటు ఆయనకీ భాగం ఉంది. డబ్బెలా వచ్చిందో చాలామందికి తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. 5 లక్షల మంది పాడిరైతులు తలా 2 రూపాయలు ఇచ్చారు. మొత్తం 10 లక్షలు. 1976లో సినిమా రిలీజైతే ఆ నిర్మాతలే బళ్లు కట్టుకుని వచ్చి చూశారు. 16 ఎం.ఎం. ప్రింట్లు తీసుకుని పాల సంఘాల వాళ్లు ఊరూరా తిప్పారు, సినిమా చూపించి కొత్త సంఘాలు పెట్టించారు. 2024లో పాత ప్రింటును బాగుచేసి కాన్ ఫెస్టివల్లో కూడా వేశారు.

ఇప్పుడు గమనించాల్సింది ఒకటుంది. క్లయింటు కోసం తీసిన సినిమా అంటే ఏం ఆశిస్తాం? పెద్దసారు రావడం, ఊరు బాగుపడటం, చివర్లో పూలదండలు. 'మంథన్'లో పెద్దసారు మధ్యలో బదిలీ అయిపోతాడు. పట్నం నుంచి వచ్చిన టీములో ఒకడు ఊరి పిల్లని మోసం చేస్తాడు. సర్పంచ్ ఓడిపోయి, దళితులతో సమానంగా లైన్లో నిలబడలేక సంఘాన్ని విరగ్గొట్టాలని చూస్తాడు. పాల కథ మొదలుపెట్టి కులం కథ చెప్పారు. చివరికి సంఘం నిలబడేది ఊళ్లోవాళ్లు తమంతట తాము పట్టుకున్నందుకు. క్లయింటుకి కావాల్సింది క్లయింటుకి దొరికింది, బెనెగల్ అడగదల్చుకున్న ప్రశ్న బెనెగల్ అడిగేశారు.

ఆ తర్వాత వరసగా ఇదే పద్ధతి. 1982 'ఆరోహణ్'కి డబ్బు పెట్టింది పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం. కౌలు రైతు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడమే కథ. 1987 'సుస్మన్' వెనక చేనేత సహకార సంఘాలున్నాయి. కథ మన పోచంపల్లి ఇక్కత్ నేతగాడిది, ఓం పురి రాములుగా వేశాడు. పరాయివాళ్ల కోసం పట్టుచీరలు నేసే ఇంట్లో కూతురి పెళ్లికి చీర ఎక్కణ్ణుంచి వస్తుందన్నది అందులో ముడి. సంఘాల డబ్బుతో తీస్తూ, సంఘంలో జరిగే అవకతవకలని కూడా వదల్లేదు.

టీవీకొద్దాం. సినిమాల్లో పేరున్నవాళ్లు టీవీని చిన్నచూపు చూసే రోజుల్లోనే ఆయన దూరదర్శన్‌కి పనిచేశారు. 1986లో 'యాత్ర', రైల్వే వాళ్ల అండతో తీసింది. కన్యాకుమారి నుంచి జమ్మూ దాకా రైల్లో నడిచే కథ. 1988లో 'భారత్ ఏక్ ఖోజ్', నెహ్రూ పుస్తకం ఆధారంగా 53 భాగాలు. మనలో ఆ రోజులు చూసినవాళ్లకి ఆదివారం ఉదయాలు గుర్తుండాలి. ప్రభుత్వ టీవీ, నెహ్రూ శతజయంతి సంవత్సరం, ఢిల్లీలో నెహ్రూ మనవడి ప్రభుత్వం. భజన చెయ్యడానికి ఇంతకంటే మంచి అవకాశం ఎవరికైనా దొరుకుతుందా? బెనెగల్ ఏం చేశారంటే, నెహ్రూ వేషంలో రోషన్ సేథ్‌ని ఒక పక్క నిలబెట్టి, రెండో పక్క ఓం పురి గొంతు పెట్టారు. పుస్తకం చెప్పింది ఒకరు చెప్తారు, ఆ తర్వాత తెలిసిన చరిత్ర ఇంకొకరు చెప్తారు. పుస్తకాన్ని గౌరవిస్తూనే పుస్తకం దగ్గరే ఆగిపోలేదు. 1990లలో శంకరమంచి సత్యం 'అమరావతి కథలు' కూడా హిందీ సీరియల్ చేశారు. తెలుగు కథలు దేశమంతా చూశారు. 2014లో ఎనభయ్యో ఏట రాజ్యసభ టీవీకి రాజ్యాంగ రచన మీద 'సంవిధాన్' పది భాగాలు తీశారు. సభలో ఆరేళ్లు కూర్చుని వచ్చాక ఆ సభ టీవీకి పని, చూడండి.

అన్నట్టు తెలుగులో ఆయన తీసింది ఒక్కటే, 1978 'అనుగ్రహం', వాణిశ్రీ నటించింది. హిందీలో 'కొండూరా'. తెలుగువాళ్లం ఆయన్ని మనవాడనుకోకపోవడానికి ఇదొక కారణమేమో. 'నిశాంత్' తెలంగాణ దొరల కథ, 'మండీ' హైదరాబాద్ కథ, 2009 'వెల్‌డన్ అబ్బా' తెలంగాణ పల్లెలో ప్రభుత్వ పథకం కింద తవ్వించిన బావి కథ. లంచాలన్నీ పోగా బావి కాగితం మీదే మిగులుతుంది. అప్పుడు ఆ తండ్రీ కూతుళ్లు పోలీస్ స్టేషన్‌కెళ్లి "మా బావి ఎవరో ఎత్తుకుపోయారు" అని కంప్లెయింట్ ఇస్తారు. చూడకపోతే ఈ వారాంతం చూడండి, నవ్వీ నవ్వీ చివరికి ఏడుపొస్తుంది.

ఇంతా చెప్పి రెండో వైపు చెప్పకపోతే అన్యాయం. అన్నిసార్లూ ఈ పద్ధతి పారలేదు. కుటుంబ నియంత్రణ మీద తీసిన 'హరీ భరీ'లో నటులు బాగా చేసినా, అక్కడక్కడా ప్రభుత్వ పాఠం చదువుతున్నట్టే ఉంటుంది. ఆఖరి సినిమా 'ముజీబ్', 2023లో వచ్చింది, భారత్ బంగ్లాదేశ్ ప్రభుత్వాలు కలిసి తీయించాయి. కథానాయకుడు ముజీబుర్ రెహమాన్, అప్పుడు ఢాకాలో ప్రధాని ఆయన కూతురు హసీనా. అందులో ఓం పురి గొంతు లాంటి రెండో గొంతు నాకు వినపడలేదు. పది నెలలు తిరక్కుండా 2024 ఆగస్టులో ఆ ప్రభుత్వం కూలిపోయింది. అదే ఏడు డిసెంబరు 23న బెనెగల్ పోయారు.

'మంథన్'కీ 'ముజీబ్'కీ తేడా ఎక్కడుంది? రెండూ క్లయింటు కథలే, క్లయింటు డబ్బే, తీసిందీ ఒకరే. నా ఉద్దేశ్యంలో తేడా రెండు రూపాయల్లో ఉంది. 5 లక్షల మంది ఇచ్చిన డబ్బులో ఏ ఒక్కడికీ "నా సీను మార్చు" అనే హక్కు రాదు. ఒక్క కుటుంబం కథని ఆ కుటుంబం చేతిలో ఉన్న ప్రభుత్వమే తీయిస్తే, ఎంత పెద్ద డైరెక్టరైనా ప్రశ్న నోట్లోనే మింగాల్సొస్తుంది. అంటే అడ్డం వచ్చేది క్లయింటు ఉండటం కాదు. క్లయింటుకీ, పనికొచ్చే చివరి మనిషికీ మధ్య ప్రశ్న వెయ్యడానికి చోటు మిగిలిందా లేదా అన్నదే.

ఆ చోటు మన పనిలోనూ ఉంటుంది. ఒక ప్రాజెక్టులో ఫారం నింపడానికి మొబైల్ నంబరు తప్పనిసరి అని స్పెక్‌లో రాసుంది. మా టీములో ఒకమ్మాయి "ఫోను లేని ముసలామె వస్తే ఏం చెయ్యాలి?" అని కాల్‌లో అడిగింది. అటువైపు రెండు నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత ఆ రూలు తీసేశారు. కోడులో మారింది ఒక్క లైను. కానీ ఆ ప్రాజెక్టులో నాకు గుర్తున్నది ఆ లైనే.

ఈ మాటలు రాస్తున్నది పటాన్‌చెరు వైపు నుంచి. రోజూ బీహెచ్ఈఎల్ దాటి వెళ్తుంటాను. 'అంకుర్' షూటింగుకి ఏడాది ముందు, 1972లో ఇక్కడ ఇక్రిశాట్ పెట్టారు, మెట్టపంటల పరిశోధనకి. ఆ చుట్టుపక్కలే ఫ్యాక్టరీలు లేచాయి. వాటి నీళ్లతో నక్కవాగు పాడైతే ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పొలం అమ్ముకుని అదే పొలంలో లేచిన ఫ్యాక్టరీలో సెక్యూరిటీ గార్డుగా చేరినవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు మన పక్క క్యూబికల్లో ఉన్నారు. దొర కొడుకు, కిష్టయ్య, లక్ష్మి అందరూ ఉన్న కథ ఇది, కాకపోతే షిఫ్టు సైరన్ అదనం.

ఈ కథ తీయమంటే బెనెగల్ ముందు కథ అడిగేవారు కాదనుకుంటా. డబ్బెవరిస్తున్నారని అడిగేవారు. ఫ్యాక్టరీ యజమానుల సంఘమా, ప్రభుత్వమా, లేక ఈ రోడ్డు మీద రోజూ షిఫ్టు బస్సులెక్కే వేల మందా? మూడోదైతే, ఈరోజు లెక్కలో రెండు రూపాయలు ఎంతవుతుందో మీరే చెప్పండి. నా వాటా నేనిస్తాను.