డర్హమ్ కెథడ్రల్: రాళ్లలో చదవవలసిన సంఘచరిత్ర

బ్రిటన్‌లోని పురాతన దేవాలయాలను గూర్చి మన సేవకులు రెండు విధాలుగా మాట్లాడుకోవడం మేము తరచుగా వింటుంటాము. "ఎంత వైభవం!" అని ఆశ్చర్యపడేవారు కొందరు. "ఆరాధికులు లేని ఖాళీ కట్టడాలు" అని తోసిపుచ్చేవారు మరికొందరు. ఈ ఇద్దరూ కట్టడం దగ్గర ఎక్కువసేపు నిలబడినట్లు లేదు. సంఘచరిత్ర విద్యార్థికి పాత దేవాలయం కూడా ఒక చారిత్రకాధారమే. ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని డర్హమ్ కెథడ్రల్‌ను ఆ దృష్టితో పరిశీలిద్దాం.

వియర్ నది వంపు తిరిగినచోట కొండమీద నిలిచిన ఈ దేవాలయానికి 1093 ఆగస్టు 11న పునాది వేశారు. 1133 నాటికి ప్రధాన నిర్మాణం పూర్తయింది. లోపలి గుండ్రని స్తంభాల చుట్టుకొలత 6.6 మీటర్లు, ఎత్తు కూడా దాదాపు అంతే. వాటిపై గళ్లు, మెలికలు లోతుగా చెక్కారు. 22 మీటర్ల ఎత్తున ఉన్న పైకప్పు అంతా రాయి. అంత విశాలమైన గదికి ఆ కాలంలో సాధారణంగా కలప కప్పే వేసేవారు. ఇక్కడి మేస్త్రీలు మొదట పక్కటెముకల వంటి సన్నని రాతి కమానులను ఒకదానినొకటి దాటేలా కట్టి, మధ్య ఖాళీలను రాతితో పూడ్చారు. కప్పు బరువు ఆ కమానుల గుండా స్తంభాలలోకి దిగుతుంది. తరువాతి గోతిక్ శైలి ఈ పద్ధతిని ఆధారం చేసుకొనే పెరిగింది. 1924లో ప్రతిష్ఠించిన మన మెదక్ కెథడ్రల్ ఆ శైలికి దూరపు సంతానమే. (డోర్నకల్‌లో అజరయ్య బిషప్పుగారు ఆ దారి పట్టకుండా భారతీయ శైలిని ఎంచుకొన్నారు. దానిని గూర్చి వేరే వ్యాసమే వ్రాయవచ్చు.)

అయితే ఈ అందాన్ని నిలబెట్టిన చేతులను కూడా చూడాలి. 1069-70 శీతాకాలంలో నార్మన్ రాజు విలియం సేనలు ఈ ఉత్తర ప్రాంతపు గ్రామాలను తగలబెట్టాయి. ఆ తరువాత ఒక తరమైనా గడవకముందే నార్మన్ బిషప్పు ఈ పని ప్రారంభించాడు. పక్కనే కోట ఉంది. లొంగిన ప్రజలకు ఈ గోడలు ఏమి చెప్పాయో ఊహించడం కష్టం కాదు. మరి లోపల ఎవరి సమాధి ఉన్నది? ఏకాంత ద్వీపంలో ప్రార్థనలో గడిపి 687లో మరణించిన కత్బర్ట్‌ది. ఓడిపోయిన ప్రజల భక్తునిమీద గెలిచినవారు ఈ రాతి మందిరం కట్టారు. ఎనిమిదవ హెన్రీ కాలంలో ఆ సమాధి అలంకారాలన్నీ పోయాయి. నేడు మిగిలింది లాటిన్‌లో పేరు చెక్కిన ఒక సాదా రాతిపలక. మాకు మాత్రం కత్బర్ట్‌కు అదే తగినదనిపిస్తుంది.

పడమటి వైపు నేలలో ఒక నల్లరాతి గీత ఉంది. మఠవాసుల కాలంలో స్త్రీలు ఆ గీత దాటి ముందుకు రాకూడదు. ఇంగ్లండు సంఘం 1994లో స్త్రీలను గురువులుగా అభిషేకించడం ప్రారంభించింది. గీత మాత్రం ఇప్పటికీ నేలలోనే ఉంది. దానిని తవ్వి తీసివేసి ఉంటే, మన పూర్వికులు అలా చేసి ఉండరని వాదించడం ఎంత సులభమయ్యేది!

1650లో డన్బార్ యుద్ధం తరువాత క్రామ్‌వెల్ సైన్యం సుమారు 3,000 మంది స్కాట్లండు ఖైదీలను ఈ దేవాలయంలో బంధించింది. ఆకలితోను, వ్యాధులతోను సగానికి పైగా చనిపోయారు. బంధించినవారూ బంధింపబడినవారూ బైబిలు చదివే ప్రొటెస్టంటులే. 2013లో దగ్గరలో ఒక నిర్మాణానికి నేల తవ్వుతుండగా వారిలో కొందరి ఎముకలు బయటపడ్డాయి. 2018లో వాటిని గౌరవంగా తిరిగి సమాధి చేశారు.

ఇంత జరిగినా నిలిచిన కట్టడానికి 18వ శతాబ్దం చివర వచ్చిన ఆపద శత్రువుల వలన కాదు, సొంత గురువుల వలన. వెలుపలి గోడలు నునుపుగా కనబడాలని రాతి పైపొరను అంగుళాల మందాన చెక్కించారు. మఠవాసులు సమావేశమైన పురాతన సభాగృహం సౌకర్యంగా లేదని 1796లో దానిలో కొంత భాగాన్ని పడగొట్టించారు. పడమటి చివరనున్న గలిలయ ప్రార్థనాగృహాన్ని కూడా తీసివేయాలనుకొన్నారు. ఇంగ్లండు సంఘచరిత్ర వ్రాసిన బీడ్ సమాధి అందులోనే ఉంది. పాత కట్టడాలను ప్రేమించిన కొందరు గట్టిగా నిరసించడం వలన అది దక్కింది.

మన తెలుగు ప్రాంతంలో మిషనరీల కాలపు సున్నపు గోడల దేవాలయాలను పడగొట్టేవారు కూడా శత్రువులు కారు. "చిన్నదైంది, పాతదైంది" అన్నది కమిటీలో వినిపించే మాట, అది నిజమే కావచ్చు. కాని గోడతోపాటు మొదటి విశ్వాసుల పేర్లు చెక్కిన రాయి, వారు మోసిన దూలం, ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పే గుమ్మాలు పోతాయి. కొలతలు తీసుకోకుండా, ఒక్క ఛాయాచిత్రమైనా లేకుండా పోయిన వాటిని గూర్చి మా విద్యార్థులు పరిశోధన చేయబోతే, వృద్ధుల జ్ఞాపకం తప్ప ఆధారం దొరకడం లేదు.

డర్హమ్ సభాగృహాన్ని 1895లో బిషప్ లైట్‌ఫుట్ జ్ఞాపకార్థం తిరిగి కట్టారు. పౌలు పత్రికలమీద ఆయన వ్యాఖ్యానాలు మన సెమినరీ విద్యార్థులకు తెలిసినవే. గది చక్కగానే ఉంటుంది. పడగొట్టిన భాగంలో నేడు కనిపించేది మాత్రం 19వ శతాబ్దపు రాయి.